బరువెత్తితే కూలి ఎవరిస్తారు?

వనపర్తి మార్కెట్ యార్డులో పల్లికాయ తూకం వేసే చోట ఒక కెటిల్‌బెల్ తెచ్చి నేల మీద పెట్టామనుకుందాం. గుండ్రటి ఇనుప గుండు, దాని నెత్తిన పిడికిలి పట్టేంత కాడ. దూరం నుంచి చూస్తే పెద్ద తాళంకప్పలా ఉంటుంది. సంచుల పక్కన కాయలు ఏరుతున్న అక్కను పిలిచి, ‘‘దీన్ని కాళ్ల మధ్య నుంచి ఛాతీ దాకా ఊపాలక్కా, పదేసి సార్లు, వారానికి రెండు రోజులు’’ అని చెబితే ఆమె నోట వచ్చే మొదటి మాట ఊహించడం కష్టమేమీ కాదు.

‘‘గీ గుండును లేపితే కూలెంతిస్తరు?’’

నవ్వుకుని వదిలేసే ప్రశ్న కాదిది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు మూడూ పాలమూరే. గుంపు మేస్త్రీ వెంట వలసపోయి, ఊరు కాని ఊళ్లో కాలువలు తవ్వి, కట్టలు పోసిన పాలమూరు కూలీల శ్రమలో సగం ఆడవాళ్లదే. మగవాడు గడ్డపారతో తవ్విన మట్టిని తట్టకెత్తి, నెత్తిన చుట్టబట్ట పెట్టి గట్టు మీదికి చేర్చింది వాళ్లే. అలాంటి నేల మీద ‘ఆడవాళ్లూ, బరువులెత్తండి, ఆరోగ్యం’ అనడం చేపకు ఈత నేర్పినట్టే అనిపిస్తుంది. ఇంత మోసినా వాళ్లకు నడుము నొప్పులెందుకు? యాభై దాటగానే మోకాళ్లు ఎందుకు మొరాయిస్తాయి? బరువు బలాన్నిచ్చేదే అయితే పాలమూరు తల్లులకు మించిన బలవంతులు ఉండకూడదు కదా!

జవాబు మోసే బరువుకూ, పెంచే బరువుకూ ఉన్న తేడాలో ఉంది.

తూకం రాయికి కాడ మొలిచింది

కెటిల్‌బెల్ జిమ్‌లో పుట్టలేదు, అంగట్లో పుట్టింది. రష్యాలో దాని పేరు గిర్యా. ధాన్యం తూచడానికి వాడిన ఇనుప గుండు అది. మన భాషలో పడికట్టు రాయి. అక్కడి పాత తూకం పూడ్, అంటే 16.38 కిలోలు. నేటికీ 16, 24, 32 కిలోల గుండ్లు ప్రధానంగా కనిపించడానికి కారణం అదే: ఒక పూడ్, ఒకటిన్నర, రెండు. సంతలో పని ముగిశాక కుర్రవాళ్లు ఆ రాళ్లనే ఎత్తి పందేలు కాసుకున్నారు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వైద్యుడు వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ బరువుల సాధనకు ఒక బృందాన్ని కూడగట్టాడు. వందేళ్ల తర్వాత, 1985లో, సోవియట్ యూనియన్ ఈ ఆటకు పోటీ నియమావళి రాసింది. ఈ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆదరణ పొంది, అక్కడి నుంచి హైదరాబాద్ జిమ్‌లకు వచ్చింది.

మనకూ గరిడీలున్నాయి, తాలీంఖానాలున్నాయి, గద తిప్పిన పహిల్వాన్లున్నారు. వాటి గడప మాత్రం ఆడవాళ్లు దాదాపుగా తొక్కలేదు. వాళ్లకు దక్కింది తట్ట, బిందె, కట్టెల మోపు.

ఒడుపు దాచేసే శ్రమ

1986లో ‘నేచర్’ పత్రికలో ఒక ఆశ్చర్యకరమైన పరిశోధన అచ్చయింది. తూర్పు ఆఫ్రికాకు చెందిన లువో స్త్రీలు నెత్తిన, కికుయు స్త్రీలు నుదుటి పట్టీతో బరువు మోస్తూ నడుస్తుంటే వాళ్లు పీల్చే ఆక్సిజన్‌ను కొలిచారు. తమ శరీర బరువులో ఐదో వంతు దాకా మోసినా, ఉత్త చేతులతో నడిచినప్పటి కన్నా వాళ్లకు అదనపు శక్తి ఖర్చు కాలేదు. చిన్నప్పటి నుంచి మోసి మోసి, అడుగు అడుగుకూ శక్తి వృథా కాకుండా నడిచే ఒడుపు వాళ్ల ఒంటికి పట్టింది.

మన బిందె నడకలోనూ ఒడుపే ప్రాణం. పని తెలిసిన మనిషి లక్ష్యం తక్కువ శ్రమతో ఎక్కువ పని. అలా చేయకపోతే సాయంత్రం దాకా నిలబడలేదు. కండరం సంగతి వేరు. ‘ఇప్పుడున్న బలం చాలడం లేదు’ అన్న కబురు గట్టిగా అందితేనే అది పెరుగుతుంది. రోజూ అదే తట్ట, అదే బరువు, అదే ఒడుపు అయితే ఆ కబురు ఎప్పుడో ఆగిపోతుంది. పదేళ్లు మోసినా బలం మొదటి ఏడాది చేరిన చోటే నిలిచిపోతుంది. అరుగుదల మాత్రం ఏటేటా జమ అవుతూనే ఉంటుంది.

వంగి చేసే పని కథ మరీ విచిత్రం. నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు నడుము పూర్తిగా వంగి ఉంటుంది. వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండరాలు అప్పుడు బాగా పనిచేస్తుంటాయని అనుకుంటాం. కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేస్తే కనిపించేది వేరు. ఒక హద్దు దాటి వంగాక ఆ కండరాలు దాదాపు నిశ్శబ్దమైపోతాయి. పైశరీరం భారమంతా ఎముకలను కట్టి ఉంచే స్నాయువుల మీద వేలాడుతుంది. గంటల కొద్దీ అలా వేలాడితే అవి నవారు మంచంలా సాగుతాయి. రాత్రి పడుకుంటే కొంత బిగుస్తాయి, తెల్లారితే మళ్లీ మడిలోకి. నడుము కండరానికి రోజంతా పనే లేదు, నడుముకు మాత్రం రోజంతా నొప్పి!

గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పని చూడండి. సాయంత్రం మొగ్గ గిల్లి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దడం. బరువు లేదు. కానీ మెడ వంచి, చేతులు చాపి, గంటల తరబడి ఒకే తీరు. గద్వాల చీర నేసే మగ్గం మీదా, కండెలు చుట్టే రాట్నం ముందూ అంతే. ఇక్కడ ఒంటికి చేటు చేసేది బరువు కాదు, కదలికలో మార్పు లేకపోవడం.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు దీన్నే శారీరక శ్రమలోని వైరుధ్యం అన్నారు. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంటే, కూలి పనిలోని శ్రమ ఆ మేలు చేయకపోగా కొన్నిసార్లు కీడు చేస్తోందని వాళ్లు గమనించారు. వాళ్లు చూపిన కారణాల్లో మనకు తెలియనిదేమీ లేదు. పని సేపు ఎక్కువ, దాని తీవ్రత గుండెను బలపరిచేంత లేదు, రక్తపోటు గంటల కొద్దీ కాస్త ఎత్తులోనే ఉండిపోతుంది, కోలుకునే వ్యవధి దొరకదు. ఎప్పుడు ఆపాలన్నది చేసే మనిషి చేతిలో ఉండదు.

తలుపును తుంటితో నెట్టినట్టు

మరి ఆ గుండును ఊపితే ఏమవుతుంది?

రెండు చేతుల్లో రెండు బిందెలున్నాయి, తలుపు వెనక చేరవేసి ఉంది. ఏం చేస్తారు? మోకాళ్లు కాస్త సడలించి, వెన్ను నిటారుగా ఉంచి, తుంటిని వెనక్కి తోసి తలుపును నెడతారు. కెటిల్‌బెల్ స్వింగ్‌కు ప్రాణం ఆ కదలికే. వంగేది నడుము కాదు, తుంటి కీలు. ఆ వెనక్కి తోపులో తొడ వెనక కండరాలు బిగదీసిన తాడులా సాగుతాయి. మరుక్షణం పిరుదుల కండరాలు గట్టిగా బిగించి నిలబడగానే గుండు దానంతటదే ముందుకు లేస్తుంది. చేతులు దాన్ని ఎత్తవు. వాటి పని తాడు పనే.

గుండు ఆకారంలోనే ఉంది కిటుకంతా. డంబెల్‌కు బరువు పిడికి రెండు వైపులా సమంగా ఉంటుంది. కెటిల్‌బెల్ బరువు పిడి నుంచి జానెడు దూరంలో వేలాడుతుంది. ఊపితే లోలకమవుతుంది. జొన్నచేను మంచె మీద వడిసెల తిప్పినవాళ్లకు ఇది తెలుసు: రాయి చిన్నదే, తిప్పేకొద్దీ చెయ్యి లాగేస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. 12 కిలోల గుండు మోకాలి ఎత్తు నుంచి ఛాతీ దాకా, సుమారు 70 సెంటీమీటర్లు లేవాలంటే అడుగున దాని వేగం సెకనుకు 3.7 మీటర్ల దాకా ఉండాలి. భుజం నుంచి గుండు దాకా 90 సెంటీమీటర్లనుకుంటే, అంత వేగంతో తిరిగే వస్తువు బయటికి లాగే లాగుడు 18 కిలోల పైచిలుకు. దాని సొంత బరువు కలిపితే 30 కిలోలు. అంటే 12 కిలోల గుండు ఊపు అడుగున ఒక్క క్షణం 30 కిలోలవుతుంది, పైన ఛాతీ దగ్గర ఒక్క క్షణం దాదాపు ఏ బరువూ లేనట్టు తేలుతుంది. కండరం బిగిసి, వెంటనే వదిలి, మళ్లీ బిగుస్తుంది. ఒకే బిగువులో గంటలు గడిపే పనికి ఇది పూర్తిగా తలకిందులు.

దీని ఫలితాన్నీ కొలిచారు. 2011లో డెన్మార్క్‌లో, మెడ, భుజం, నడుము నొప్పులు ఎక్కువగా ఉండే ఉద్యోగాలు చేసే 40 మందిని తీసుకున్నారు. వాళ్లలో 85 శాతం స్త్రీలు, సగటు వయసు 44. సగం మంది వారానికి మూడు సార్లు కెటిల్‌బెల్ సాధన చేశారు. ఎనిమిది వారాల తర్వాత, మిగతా సగంతో పోలిస్తే, వాళ్ల మెడ, నడుము నొప్పులు తగ్గాయి, వెన్ను కండరాల బలం పెరిగింది. గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం మాత్రం చెప్పుకోదగ్గంత పెరగలేదు. కాబట్టి ఈ గుండు సర్వరోగ నివారిణి కాదు. వేగంగా నడవడం, సైకిలు తొక్కడం మానమని ఎవరూ చెప్పరు.

ఎముకకు వినబడేలా

ఎముక ఎండిన కట్టె కాదు. పాతది కరుగుతూ, కొత్తది పేరుకుంటూ నిత్యం మారే జీవకణజాలం. దాని మీద ఎంత భారం పడితే అంత గట్టిపడుతుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లోనే సూత్రీకరించాడు. టెన్నిస్ క్రీడాకారుల రెండు చేతులను పోల్చితే, రాకెట్ పట్టే చేతి ఎముక మందంగా ఉంటుంది. అయితే ఎముక మెల్లగా పడే మామూలు భారాన్ని పెద్దగా పట్టించుకోదు. ఎక్కువ భారం, వేగంగా, కొద్దిసార్లు పడాలి. అరగంట సణుగుడు కన్నా ఒక్క కేక దానికి బాగా వినబడుతుంది.

స్త్రీలకు ఇది ఎందుకు ముఖ్యమంటే, ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ నెలసరి ఆగిపోయాక పడిపోతుంది, ఆ తర్వాతి కొన్నేళ్లు ఎముక వేగంగా పలచబడుతుంది. తెలుగు నేల మీద ఇందులో ఇంకో మెలిక ఉంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల నిష్పత్తిలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను ముందు వరసలో చూపిస్తున్నాయి. ముప్పైల్లోనే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, యాభై దగ్గర రావాల్సిన ఎముక నష్టం అప్పుడే మొదలవుతుంది. ఆపరేషన్ అయిన మనిషికి మన ఇళ్లలో చెప్పే సలహా ‘ఇక బరువులు ముట్టకు’. గాయం మానేదాకా అది సరైనదే. జీవితాంతం పాటిస్తే మాత్రం ఎముకకు కబురే అందకుండా పోతుంది.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన పరిశోధన బరువంటే ఉన్న ఈ భయాన్ని నేరుగా పరీక్షించింది. నెలసరి ఆగిపోయి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలు, సగటు వయసు 65. వాళ్లలో ఒక బృందం శిక్షకుల కళ్ల ముందు, వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, పెద్ద బరువులు కొద్దిసార్లు ఎత్తింది. ఎనిమిది నెలల్లో వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసిన బృందానికి 1.2 శాతం తగ్గింది. అక్కడ వాడింది పొడవాటి బార్‌బెల్. కెటిల్‌బెల్‌తో మొదలుపెట్టినవాళ్లు కూడా గ్రహించాల్సిన సూత్రం ఒకటే: పద్ధతి నేర్చుకుని బరువు క్రమంగా పెంచుకుంటూ పోవాలి, చేతికి తేలికగా తోచే గుండు దగ్గరే ఆగిపోకూడదు.

వారానికి గంట! నాట్ల కాలంలో పాలమూరు ఆడమనిషి వంగి గడిపే గంటల పక్కన ఈ గంటను పెట్టి చూడండి.

మల్లీశ్వరి మోసిన జవాబు

‘బరువులెత్తితే మగాడిలా కండలొస్తాయి’ అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. కండను దళసరి చేసే టెస్టోస్టెరాన్ స్త్రీలలో పురుషుల కన్నా పది రెట్లకు పైగానే తక్కువ. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం కండది కూడా కాదు, నరాలది. ఉన్న కండరంలో ఎక్కువ పోగులను ఒకేసారి పనిలోకి పిలవడం మెదడు నేర్చుకుంటుంది. కండ పెరగడం ఆ తర్వాత, అదీ మెల్లగా.

ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్ లిఫ్టింగ్‌ను మొదటిసారి చేర్చింది 2000లో, సిడ్నీలో. ఆ సెప్టెంబరులోనే 69 కిలోల విభాగంలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. చివరి ప్రయత్నంలో స్వర్ణం కోసం 137.5 కిలోలకు వెళ్లి తప్పింది. ఆమె తొలి గురువు నీలంశెట్టి అప్పన్న నేర్పిన విద్య తుంటి విద్యే. స్నాచ్‌లో బార్‌ను పైకి విసిరేది చెయ్యి కాదు, తుంటి విదిలింపు. కెటిల్‌బెల్ స్వింగ్ దానికి చిన్నచెల్లెలు. ఒలింపిక్ బార్ నేర్చుకోవడానికి వేదిక, శిక్షకుడు, ఏళ్ల సాధన కావాలి. ఈ గుండుకు చాప పరిచేంత జాగా చాలు.

వారానికి రెండు పూటలు

టైలరు, టీచరు, దుకాణం నడిపే ఆమె, మగ్గం మీద కూర్చునే ఆమె ఇలా మొదలుపెట్టవచ్చు. మొదటి రెండు వారాలు గుండు వద్దు. గోడకు అడుగు దూరంలో వీపు పెట్టి నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, తుంటిని వెనక్కి తోసి పిరుదులతో గోడను తాకడం. వెన్ను వంకర పోకూడదు. తర్వాత 8 కిలోల గుండును అదే కదలికతో నేల నుంచి ఎత్తి దింపడం, ఎనిమిదేసి చొప్పున మూడు విడతలు. దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం. ఇక్కడ మనవాళ్లదే పైచేయి. కుర్చీలకు అలవాటుపడిన దేశాలవాళ్లు నెలల తరబడి నేర్చుకునే ఈ కూర్చోవడం మన ఊరి ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చింది. ఆ తర్వాత గుండును ఒక చేత్తోనే పట్టుకుని, పక్కకు ఒరగకుండా ముప్పై అడుగులు నడక, మళ్లీ రెండో చేత్తో.

ఇవన్నీ కుదిరాకే స్వింగ్. పదేసి ఊపులు, ఐదు విడతలు, మధ్యలో ఊపిరి కుదుటపడేదాకా ఆగడం. పద్ధతి చెదిరిన మరుక్షణం ఆపాలి, లెక్క పూర్తి చేయాలన్న పంతం వద్దు. విడతల చివరన కూడా తేలికగా అనిపిస్తే 12 కిలోలకు వెళ్లాలి. చీర కన్నా చుడీదార్ నయం, టైల్స్ కన్నా మట్టి నేల నయం, పిల్లలు దగ్గర ఉండకూడదు. గుండు కొనలేనివాళ్లు ఐదు లీటర్ల క్యానులో ఇసుక నింపితే సుమారు 8 కిలోలవుతుంది. అది ఎత్తడానికి, మోయడానికే. ఊపితే పిడి ఊడి వస్తుంది.

రక్తపోటు ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. గుండు లేచేటప్పుడు గాలి వదలాలి. కాన్పయిన కొత్తలో, గర్భసంచి జారినప్పుడు, బరువెత్తితే మూత్రం చుక్కలు పడుతున్నప్పుడు, ఇంతకుముందే వెన్నుపూస విరిగి ఉన్నప్పుడు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఇక మార్కెట్ యార్డులో కూలి ఎంతని అడిగిన అక్క సంగతి. నాట్ల, కోతల కాలంలో ఆమెకు కొత్త బరువు చెప్పడం అన్యాయం. అప్పుడు ఆమెకు పనికొచ్చేవి తుంటితో వంగే ఆ ఒక్క ఒడుపు, గంటకోసారి నడుము నిలబెట్టడం. పని తక్కువున్న నెలల్లో వారానికి రెండు పూటలు సాధన చేయవచ్చు.

బలం పెరిగేది ఎత్తినప్పుడు కాదు. ఎత్తినప్పుడు కండరానికి అందేది కబురే. ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు, తిన్న మాంసకృత్తులతో శరీరం కండను తిరిగి కట్టుకుంటుంది. ఎముకకైతే నెలలు పడుతుంది. 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. గుప్పెడు పల్లీల్లో ఏడు గ్రాములు, గుడ్డులో ఆరు. పల్లీ పండించే చేతులు ఆ గుప్పెడు మిగుల్చుకోవడం లేదు, బస్తా అంతా యార్డుకే పోతోంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత. రక్తంలో ఆక్సిజన్ మోసేది తగ్గిన ఒంటితో ఏ బరువెత్తినా అది అప్పు మీద అప్పే. గుండు కొనేముందు రక్తపరీక్ష చేయించుకోవాలి, దానికి ఖర్చూ తక్కువ.

కాబట్టి అక్క అడిగినదానికి జవాబు ఉంది. ఈ గుండుకు కూలి ఇచ్చేది ఆమె ఒళ్లే. రోజు కూలిలా సాయంత్రానికి ఇవ్వదు. తిండి పెట్టి, నిద్రపోనిచ్చి, నడుమ ఒక రోజు వదిలేస్తేనే లెక్క కట్టి ఇస్తుంది. తట్ట మోసిన ఏళ్లన్నిటికీ ఆమెకు రానిది ఈ రెండో కూలే. ఆమెకు తక్కువైంది బరువు కాదు, దించాక దొరకాల్సిన ఆ విరామం. అందుకే ఇంట్లో సాధన మొదలైన రోజు గుండు కన్నా ముందు ఎత్తాల్సింది నీళ్ల బిందె. అదీ ఆమె కాదు, ఇంట్లో ఇంకెవరైనా.